పెద్ద జలవిద్యుత్ డ్యామ్ కడితే ఎవరికి ఏమవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీశైలం గేట్లు ఎత్తారని టీవీలో రాగానే హైదరాబాద్ నుంచి కార్లు బారులు తీరతాయి. అదే వారంలో డ్యాముల గురించి అడిగేవాళ్లూ ఎక్కువవుతారు. ముంపు ఊళ్ల నుంచి సిటీకి వచ్చి స్థిరపడ్డవాళ్లు, కాలేజీ ప్రాజెక్టు రాసుకునే పిల్లలు, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో వాదించుకునేవాళ్లు అడిగేవి తిప్పితిప్పి అవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డ్యాములు వద్దనే మనిషిని కాను. కానీ సిమెంటు, ఇనుము, టర్బైన్ల లెక్క మొదటి రోజే పైసలతో సహా తేల్చేసి, ఊరు వదిలి వెళ్లేవాళ్ల లెక్క మాత్రం ఆఖరికి తోసేయడం అన్యాయం. మన దగ్గర దాదాపు ప్రతి డ్యామ్‌కూ అదే జరిగింది.

## ప్రాజెక్టు ఇంకా కాగితాల మీద ఉన్నప్పుడు

నేను హైదరాబాద్‌లో ఉంటాను. ఎక్కడో కట్టే డ్యామ్‌తో నాకేం పని?

మీ కుళాయిలో వచ్చే కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వెనుక నిల్వ ఉన్నవే. అక్కంపల్లి రిజర్వాయర్ మీదుగా వంద కిలోమీటర్లకు పైగా పంపింగ్ చేసి నగరానికి తెస్తున్నారు, ఇది 2004లో మొదలైంది. సాయంత్రం అందరూ ఒకేసారి ఏసీలు వేసినప్పుడు గ్రిడ్ తట్టుకోవడంలో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రానికి పెద్ద పాత్ర ఉంది, దాని సామర్థ్యం 900 మెగావాట్లు. ఈ రెండు రిజర్వాయర్ల అడుగున ఊళ్లున్నాయి. ఆ ఊళ్లవాళ్లు కొందరు ఇదే నగరంలో అడ్డా కూలీలుగా, వాచ్‌మన్లుగా బతుకు మొదలుపెట్టారు.

హైడల్ (జలవిద్యుత్) అంటే బొగ్గు లేదు, పొగ లేదు. మరి గొడవ దేనికి?

పొగ లేని మాట నిజమే. కానీ నష్టం పొగ రూపంలోనే ఉండాలని లేదు కదా. నదిని అడ్డంగా ఆపితే పైన వేల ఎకరాలు మునుగుతాయి, కింద నది నడక మారిపోతుంది, ఒండ్రు ఆగిపోతుంది, చేపల దారి మూసుకుపోతుంది. పైగా మునిగేవి మామూలు భూములు కావు, నది ఒడ్డున తరతరాలుగా ఒండ్రు పడి సారవంతమైన పొలాలే మొదట పోతాయి. 2000లో వచ్చిన ప్రపంచ డ్యాముల కమిషన్ నివేదిక ప్రకారం పెద్ద డ్యాముల వల్ల ప్రపంచంలో 4 కోట్ల నుంచి 8 కోట్ల మంది నిర్వాసితులయ్యారు. ఆ రెండు అంకెల మధ్య తేడాయే 4 కోట్లు. అంటే ఎంతమంది వెళ్లిపోయారో లెక్క కూడా సరిగ్గా రాసుకోలేదన్నమాట, నన్ను అన్నిటికంటే బాధపెట్టే విషయం అదే.

సోలార్ ఇంత చవకైంది, ఇంకా ఈ డ్యాములెందుకు?

సోలార్ సాయంత్రం ఆరు దాటాక ఉండదు, మనకు కరెంటు ఎక్కువ కావాల్సింది అప్పుడే. జలవిద్యుత్ టర్బైన్‌ను నిమిషాల్లో పూర్తి లోడుకు తీసుకురావచ్చు, అంతే త్వరగా తగ్గించవచ్చు. బొగ్గు కేంద్రానికి గంటలు పడుతుంది. 2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిది గంటలకు దేశమంతా తొమ్మిది నిమిషాలు లైట్లు ఆపినప్పుడు డిమాండ్ ఒక్కసారిగా 30 వేల మెగావాట్లకు పైగా పడిపోయి మళ్లీ లేచింది, గ్రిడ్ కూలిపోకుండా కాసింది ముఖ్యంగా జలవిద్యుత్ కేంద్రాలే. కాబట్టి అవసరం లేదనడం తప్పు. కానీ ఆ అవసరాన్ని చూపించి ప్రతి నదికీ కొత్త గోడ కట్టాలనడం కూడా తప్పే. ఉన్న రిజర్వాయర్లకే రివర్సిబుల్ టర్బైన్లు పెట్టుకుని, మిగులు కరెంటుతో నీళ్లు వెనక్కి తోడి, సాయంత్రం మళ్లీ వదలొచ్చు. శ్రీశైలం ఎడమగట్టున పెట్టినవి అలాంటివే. కొత్తగా మునిగే ఊరు లేని దారి ఉందా అన్నది ముందు చూడాల్సిన విషయం.

కరెంటుకు వాడిన నీళ్లు ఎక్కడికీ పోవు కదా, మరి రెండు రాష్ట్రాలకూ పంచాయితీ ఎందుకు?

నీళ్లు పోవు, కానీ చోటూ సమయమూ మారిపోతాయి. శ్రీశైలం నిండు మట్టం సముద్ర మట్టం నుంచి 885 అడుగులు. కరెంటు కోసం నీళ్లు కిందికి వదిలేస్తే మట్టం తగ్గుతుంది, 854 అడుగుల కంటే కిందికి వెళ్తే పోతిరెడ్డిపాడు నుంచి రాయలసీమ కాలువలకు సరిపడా నీళ్లు అందవు. మరోవైపు సాగర్ ఆయకట్టుకు, హైదరాబాద్ తాగునీటికి నీళ్లు దిగువకే రావాలి. ఇద్దరిదీ అవసరమే. 2014 విభజన చట్టం కింద కృష్ణా బోర్డు పెట్టినా ఈ తగువు తేలలేదు.

పబ్లిక్ హియరింగ్‌కి వెళ్లి మాట్లాడితే నిజంగా ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, కానీ ఆవేశంగా మాట్లాడి వచ్చేస్తే కాదు, రికార్డులోకి ఎక్కితేనే. 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం 25 మెగావాట్లు, ఆ పైన ఉన్న జలవిద్యుత్ ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి, 50, ఆ పైన అయితే కేంద్రం చూస్తుంది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు పేపర్లలో ప్రకటన ఇవ్వాలి, ప్రభావ అంచనా నివేదిక సారాంశం తెలుగులో ఉండాలి, అది కలెక్టరేట్‌లోనూ జిల్లా పరిషత్‌లోనూ చూసుకోవడానికి పెట్టాలి, సభ మొత్తం వీడియో తీయాలి. సభ అయిపోయే ముందు జనం లేవనెత్తిన అంశాలను స్థానిక భాషలో చదివి వినిపించాలి. ఆ చదివేటప్పుడు మీ మాట అందులో లేకపోతే అక్కడే లేచి అడగండి, ఇంటికి వచ్చాక అడిగితే లాభం లేదు.

ఏం అడగాలి అంటే వివరాలే అడగండి. ఏ మట్టానికి ఏ సర్వే నంబర్లు మునుగుతాయి, ఎండాకాలంలో డ్యామ్ కింద నదిలోకి ఎన్ని నీళ్లు వదులుతారు, తవ్విన మట్టి, రాయి ఎక్కడ పోస్తారు, నివేదిక కోసం అడవిలో సర్వే ఏ నెలల్లో చేశారు. వానాకాలం లేకుండా ఎండాకాలంలో మాత్రమే తిరిగి రాసిన నివేదికలో సగం మొక్కలూ కప్పలూ పక్షులూ కనిపించవు. రాతపూర్వకంగా ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోవడం మర్చిపోవద్దు.

ఏజెన్సీ గ్రామసభ వద్దంటే ప్రాజెక్టు ఆగుతుందా?

చట్టంలో బలం ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించమంటుంది, 2013 భూసేకరణ చట్టం ఇంకో అడుగు ముందుకేసి ముందస్తు సమ్మతి కావాలంటుంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉండనే ఉంది. ఒడిశా నియమగిరిలో సుప్రీంకోర్టు 2013లో నిర్ణయం గ్రామసభలకే వదిలితే 12 గ్రామసభలూ వద్దన్నాయి, బాక్సైట్ గని ఆగిపోయింది. అది గని, డ్యామ్ కాదు, నిజమే. కానీ కేరళ సైలెంట్ వ్యాలీలో జలవిద్యుత్ ప్రాజెక్టే 1983లో ఆగి అడవి నేషనల్ పార్కు అయింది. నేలమీద జరిగేది చాలాసార్లు వేరుగా ఉంటుంది, సంతకాలు ఇంటింటికీ తిరిగి తీసుకుని సభ జరిగినట్టు రాసేస్తారు. అందుకే తీర్మానం పుస్తకం ఊరి దగ్గరే ఉండాలి, దాని ఫొటోలు నలుగురి ఫోన్లలో ఉండాలి.

ముంపు అంటే నిండు మట్టం గీత దాకేనా? బ్యాక్‌వాటర్ అని ఇంకోటి అంటున్నారు.

అందరూ ఎక్కువగా మోసపోయేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఎఫ్ఆర్ఎల్ అంటే రిజర్వాయర్ నిండినప్పుడు నీటి మట్టం, మ్యాపులో ఆ ఎత్తుకు గీత గీసి ఆ లోపలివి ముంపు గ్రామాలంటారు. కానీ వరద వచ్చేటప్పుడు నీళ్లు బల్లపరుపుగా ఉండవు. డ్యామ్ దగ్గర ఒక మట్టం ఉంటే, నది పైకి వెళ్లేకొద్దీ నీటి ఎత్తు పెరుగుతూ పోతుంది, ఎందుకంటే కింద రిజర్వాయర్ అప్పటికే నిండి ఉండటంతో పైనుంచి వచ్చే ప్రవాహం నెమ్మదిస్తుంది. ఆ ఎగదన్నడమే బ్యాక్‌వాటర్. దానికి తోడు నది వచ్చి రిజర్వాయర్‌లో కలిసే చోట పూడిక పేరుకుంటే అదే వరదకు కొన్నేళ్ల తర్వాత నీళ్లు ఇంకా పైకి వస్తాయి.

2009 అక్టోబర్ మొదట్లో శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల (సెకనుకు ఘనపుటడుగుల) వరద వచ్చింది, డ్యామ్‌ను డిజైన్ చేసిన వరద కన్నా ఇది ఎక్కువ. కర్నూలు నగరం మునిగింది. పోలవరంలో నిండు మట్టం సముద్ర మట్టం నుంచి 150 అడుగులు, కానీ గొడవంతా ఆ గీత మీద కాదు, గోదావరి పెద్దగా వచ్చినప్పుడు భద్రాచలం వైపు నీళ్లు ఎంత ఎత్తుకు నిలుస్తాయి, ఎన్ని రోజులు నిలుస్తాయి అన్నదాని మీద. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం అక్కడి కొలబద్ద మీద 71 అడుగులు దాటింది. అప్పుడు నీళ్లు చేరిన ఇళ్లలో ముంపు జాబితాలో లేనివీ ఉన్నాయి. మీ ఊరు గీతకు ఐదారు అడుగులు పైన ఉందని నిశ్చింతగా ఉండొద్దు, బ్యాక్‌వాటర్ అధ్యయనం ఎంత వరదకు చేశారో, పూడికను లెక్కలోకి తీసుకున్నారో లేదో అడగండి.

## భూసేకరణ, ప్యాకేజీ

మాకు పట్టా లేదు, కౌలుకు చేసుకుంటున్నాం. మాకేం రాదా?

వస్తుంది. 2013 చట్టంలో ప్రభావిత కుటుంబం అంటే భూమి ఉన్నవాళ్లే కాదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీదో ఆ ఊళ్లోనో ప్రధానంగా ఆధారపడిన కౌలుదారులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తుల వాళ్లు, అడవి మీద, నీటి మీద బతికేవాళ్లు అందరూ అందులోకి వస్తారు. వాళ్లకు భూమి ధర రాదు, పునరావాస సాయం వస్తుంది. కష్టమంతా రుజువు దగ్గరే. కౌలు నోటిమాట మీద నడుస్తుంది కాబట్టి కాగితం ఉండదు, అందుకే రేషన్ కార్డు, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఎరువుల రసీదులు, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు, ఏది ఉంటే అది ఇప్పటినుంచే దాచుకోండి. సర్వే టీమ్ వచ్చిన రోజు కూలికి వేరే ఊరు వెళ్లి ఉంటే పేరు పోతుంది, తర్వాత ఎక్కించుకోవడానికి ఏళ్లు తిరగాలి.

మా అబ్బాయికి పెళ్లి కాలేదు. వేరే కుటుంబంగా లెక్కిస్తారా?

మేజర్ అయితే లెక్కించాలి. ఆడపిల్లైనా మగపిల్లాడైనా, పెళ్లయినా కాకపోయినా, 18 నిండినవాళ్లు వేరే కుటుంబమే. భర్త చనిపోయినవాళ్లు, విడాకులు తీసుకున్నవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు కూడా వేరే కుటుంబాలే. అసలు టెన్షన్ కటాఫ్ తేదీతో. ప్రాజెక్టు పదిహేనేళ్లు సాగితే అప్పుడు పదేళ్లున్న పిల్లాడికి ఇప్పుడు పాతికేళ్లు, సొంత సంసారం ఉంటుంది, జాబితాలో మాత్రం ఉండడు. పోలవరం ముంపు మండలాల్లో ఎక్కువగా వినిపించే గోడు ఇదే. లెక్క ఏ తేదీకి తీస్తున్నారో, ఊళ్లు ఖాళీ చేయించడం ఆలస్యమైతే మళ్లీ తీస్తారో లేదో మొదట్లోనే రాతపూర్వకంగా అడిగి పెట్టుకోండి.

డబ్బు తీసుకోవడం మంచిదా, భూమికి భూమి అడగాలా?

నా సలహా స్పష్టంగా చెబుతాను, దొరికే అవకాశం ఉంటే భూమే. 2013 చట్టం ప్రకారం మార్కెట్ విలువను గ్రామీణ ప్రాంతంలో 1 నుంచి 2 మధ్య ఉండే గుణకంతో హెచ్చించి, దానిమీద వంద శాతం సొలేషియం (అదనపు పరిహారం) కలుపుతారు. కానీ ఆ మార్కెట్ విలువ రిజిస్ట్రేషన్ల లెక్క, ముంపు అని తెలిసిన ఊళ్లో పదేళ్లుగా ఎవరూ కొనరు, ధర లేవదు. చేతికి వచ్చిన డబ్బుతో పక్క మండలంలో భూమి కొందామంటే అప్పటికి అక్కడ రేట్లు రెండింతలై ఉంటాయి. సాగునీటి ప్రాజెక్టయితే ఆయకట్టులో భూమి ఇవ్వాలని, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు పోయినంత లేదా రెండున్నర ఎకరాలు, ఏది తక్కువైతే అది ఇవ్వాలని రెండో షెడ్యూల్‌లో ఉంది. డబ్బే తీసుకోవాల్సి వస్తే ఖాతా ఇంట్లో ఆడవాళ్ల పేరుతో కలిపి ఉండాలని పట్టుబట్టండి. పరిహారం వచ్చిన ఏడాదే ఊళ్లోకి కొత్త బైకులు, చిట్టీల వాళ్లు, మందు షాపులు అన్నీ వస్తాయి, రెండేళ్లకు డబ్బూ ఉండదు, భూమీ ఉండదు.

సామాజిక ప్రభావ అంచనా తప్పకుండా చేయాలా?

2013 చట్టం చేయాలంటుంది. అయితే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ తర్వాత సవరణలు తెచ్చుకుని కొన్ని రకాల ప్రాజెక్టులకు మినహాయింపు ఇచ్చుకునే వీలు పెట్టుకున్నాయి, సాగునీటివి అందులో ఉన్నాయి. మీ భూసేకరణ నోటిఫికేషన్‌లో ఏ సెక్షన్ రాశారో చూడండి.

ఊరు ఎప్పుడు ఖాళీ చేయమనొచ్చు?

సాగునీటి, జలవిద్యుత్ ప్రాజెక్టులకు భూములు మునగడానికి ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని 2013 చట్టం చెబుతోంది. ఈ ఒక్క వాక్యం ప్రతి ముంపు ఊరి పంచాయతీ గోడ మీద రాసి ఉండాలని నాకనిపిస్తుంది. ఇది లేని రోజుల్లో ఏం జరిగిందో శ్రీశైలం చూపించింది. వందకు పైగా ఊళ్లు, లక్ష మంది దాకా జనం, పాలమూరు, కర్నూలు జిల్లాల వాళ్లు. 1981లో ఆపరేషన్ డిమాలిషన్ అన్న పేరుతో పోలీసులను పెట్టి ఇళ్లు కూలగొట్టించారు. చాలామందికి వెళ్లడానికి చోటు చూపించలేదు, కట్టుబట్టలతో చెట్ల కింద ఉన్నారు.

ఇప్పుడు చట్టం ఉన్నా ఇంకో రకంగా జరుగుతుంది. ముందు కాఫర్ డ్యామ్ (పనుల కోసం నదికి వేసే తాత్కాలిక అడ్డుకట్ట) కట్టేస్తారు, వానాకాలంలో దాని వెనుక నీళ్లు ఎగదన్ని ఊళ్లోకి వస్తాయి, ఎవరూ ఖాళీ చేయించకుండానే జనం బయటికి వచ్చేస్తారు. దేవీపట్నం వైపు గోదావరి ఊళ్లవాళ్లను అడగండి చెబుతారు. కాబట్టి గేట్లు ఎప్పుడు దించుతారో కాదు, కాఫర్ డ్యామ్ ఎప్పుడు కడతారో చూసుకుని మీ ఆరు నెలలు లెక్క వేసుకోండి.

కొత్త కాలనీలో పక్కా ఇళ్లు ఇచ్చారుగా, ఇంకా ఏం కష్టం?

ఇల్లు ఒక్కటే ఊరు కాదు. కొండరెడ్లు, కోయలు అడవి నుంచి తెచ్చుకునే ఇప్పపువ్వు, చింతపండు, వెదురు, తేనె, కట్టెలు, గోదావరి చేపలు ఏ ఇన్వాయిస్‌లోనూ ఉండవు, అందుకే పరిహారంలోనూ ఉండవు. కాలనీలో ఇవన్నీ కొనుక్కోవాలి, కొనడానికి కూలి దొరకాలి. పశువులను మేపడానికి చోటు ఉండదు, అమ్మేస్తారు. ఒకే ఊరిని రెండు మూడు కాలనీలకు పంచితే చావుకూ పెళ్లికీ తోడు వచ్చేవాళ్లు దూరమైపోతారు. షెడ్యూల్డ్ ప్రాంతం దాటి బయటికి తెస్తే అక్కడి హక్కులు పోతాయనే భయం ఉంటుంది. రిజర్వేషన్ సహా ఆ ప్రయోజనాలన్నీ కొత్త చోట కూడా కొనసాగాలని 2013 చట్టం 42వ సెక్షన్ చెబుతోంది, జిల్లా దాటిస్తే ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు అదనంగా 25 శాతం పునరావాస ప్రయోజనాలు, 50 వేల రూపాయలు ఇవ్వాలి. శ్మశానం, రేషన్ షాపు, అంగన్‌వాడీ, పశువుల ఆసుపత్రి, మంచినీళ్లు ఉండాలని మూడో షెడ్యూల్‌లో జాబితా ఉంది, తాళంచెవి తీసుకునే ముందు ఆ జాబితా చేతిలో పట్టుకుని కాలనీ అంతా తిరిగి చూడండి.

## పనులు జరుగుతున్నప్పుడు

డ్యామ్ పనుల్లో ఊరివాళ్లకు ఉద్యోగాలు వస్తాయా?

కొన్నాళ్లు, కొందరికి. కాంక్రీటు పోసేవాళ్లు, మిషన్లు నడిపేవాళ్లు ఎక్కువగా బయటి రాష్ట్రాల నుంచి వస్తారు, ఊరివాళ్లకు దక్కేది వాచ్‌మన్, హెల్పర్ పనులు. కట్టడం అయిపోయాక పవర్‌హౌస్‌కు కావాల్సిన మనుషులు చాలా తక్కువ.

బ్లాస్టింగ్‌తో గోడలు పగుళ్లిస్తున్నాయి, బోర్లు ఎండుతున్నాయి. ఎలా నిరూపించాలి?

పనులు మొదలుకాకముందే ఇంటి గోడల ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి, బోరులో నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో రాసుకోండి. ముందు ఎలా ఉండేదో చూపించలేకపోతే కేసు నిలబడదు. ఫిర్యాదు కాలుష్య నియంత్రణ మండలికీ కలెక్టర్‌కూ రాతపూర్వకంగా ఇవ్వండి.

మునిగే గుళ్లు, పాత కట్టడాలు ఏమవుతాయి?

పేరున్నవాటిని కాపాడతారు. నాగార్జునకొండ లోయలో 1954 నుంచి 1960 దాకా తవ్వి బౌద్ధ స్తూపాలు, విహారాలు వెలికి తీసి, కొన్నిటిని కొండ మీదికి, అనుపుకు మార్చారు. ఆ కొండే ఇప్పుడు సాగర్ మధ్యలో ద్వీపం. శ్రీశైలం ముంపులో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. సప్తనదీ సంగమం దగ్గరి సంగమేశ్వరం మాత్రం అక్కడే ఉండిపోయింది, వేసవిలో నీళ్లు తగ్గితే బయటపడుతుంది, అప్పుడు జనం పూజలకు వెళ్తారు. కానీ ఊరి పొలిమేర దేవత, తాతల సమాధులు, జాతర జరిగే చెట్టు ఏ పురావస్తు జాబితాలోనూ లేవు. అవి ముంపు ఊరివాళ్లే లెక్క రాసి అధికారులకు ఇవ్వాలి, లేకపోతే వాటి ప్రస్తావన కూడా ఉండదు.

## నీళ్లు నిండాక

డ్యామ్ వల్ల భూకంపాలు వస్తాయంటారు, నిజమేనా?

కొన్నిచోట్ల నిజం. 1967 డిసెంబర్ 11న మహారాష్ట్రలోని కోయ్నా దగ్గర 6కు పైగా తీవ్రతతో భూకంపం వచ్చి సుమారు 180 మంది చనిపోయారు. రిజర్వాయర్ బరువు, పగుళ్లలోకి దిగిన నీటి ఒత్తిడి అప్పటికే ఒత్తిడిలో ఉన్న భ్రంశాన్ని (భూమి లోపలి రాతి పగులును) కదిలించాయని శాస్త్రవేత్తల మాట. మన ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్ఐ) దీనిమీద దశాబ్దాలుగా పని చేస్తోంది. అన్ని డ్యాముల కిందా ఇలా జరగదు, కింద భ్రంశం ఉండాలి.

రిజర్వాయర్‌లో చేపలు బాగా పెరుగుతాయిగా, మత్స్యకారులకు లాభమే కదా?

రిజర్వాయర్ చేప వేరు, నది చేప వేరు. నిలవ నీళ్లలో కట్ల, రోహు పెరుగుతాయి. పారే నీళ్లు కావాల్సినవి, గుడ్లు పెట్టడానికి ఎదురీదే జాతులు తగ్గిపోతాయి. పులస వానాకాలంలో సముద్రం నుంచి గోదావరిలోకి ఎదురీదుతుంది, ధవళేశ్వరం దగ్గర ఆగిపోతుంది. ఇక ఎవరు పడతారన్నది ఇంకో విషయం. సాగర్, శ్రీశైలం ఒడ్డున గుడిసెలు వేసుకుని వేటాడేవాళ్లలో చాలామంది కోస్తా నుంచి వలస వచ్చి, వ్యాపారుల దగ్గర అడ్వాన్సులు తీసుకుని చిక్కుకున్నవాళ్లు. ముంపు కుటుంబాలకు రిజర్వాయర్‌లో చేపల వేట హక్కు ఇవ్వొచ్చని 2013 చట్టంలో ఉంది. రైతుగా ఉన్నవాడు పడవ ఎక్కి వల వేయడం నేర్చుకోవడానికి సమయం పడుతుంది, కాబట్టి సొసైటీ, పడవలు, శిక్షణ ముందే అడగండి.

డ్యామ్ కింద ఉన్న ఊళ్లకు ఏం నష్టం? వరద ఆగుతుందిగా.

మామూలు వరదలు ఆగుతాయి, అది నిజమైన మేలు. 1908 మూసీ వరద తర్వాతే కదా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టింది. కానీ జలవిద్యుత్ డ్యామ్ కింద నది గంట గంటకూ మారుతుంది. కరెంటు కావాల్సినప్పుడు ఒక్కసారిగా నీళ్లు, తర్వాత ఎండిన రాళ్లు. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది, పైనున్న లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో కొట్టుకుపోయారు. ఈ నగరంలో ఆ వారాన్ని మర్చిపోయినవాళ్లు ఉండరు. సైరన్ కేవలం ఫార్మాలిటీ కాదు, డ్యామ్ కింద ఎన్ని కిలోమీటర్ల దాకా వినిపిస్తుందో అడగాల్సిందే.

ఇంకో నష్టం నెమ్మదిగా వస్తుంది. ఒండ్రు డ్యామ్ వెనుకే ఆగిపోతే డెల్టాకు మట్టి చేరదు, సముద్రం తీరాన్ని కోస్తుంది, కృష్ణా, గోదావరి డెల్టాల్లో పరిశోధకులు దీన్ని గమనించారు. నదిలో నీళ్లు తగ్గితే చివరి ఊళ్ల బావుల్లోకి ఉప్పు నీళ్లు వస్తాయి.

రిజర్వాయర్ నుంచి కూడా కాలుష్య వాయువులు వస్తాయా?

వస్తాయి. మునిగిన చెట్లు, గడ్డి ఆక్సిజన్ లేని చోట కుళ్లితే మీథేన్ పుడుతుంది, అది కార్బన్ డయాక్సైడ్ కన్నా ఎన్నో రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. వేడి ప్రాంతాల్లో, లోతు తక్కువై వైశాల్యం ఎక్కువున్న రిజర్వాయర్లలో ఇది ఎక్కువ. అయినా బొగ్గు కేంద్రంతో పోలిస్తే చాలా జలవిద్యుత్ కేంద్రాల ఉద్గారాలు తక్కువే. సున్నా అని చెప్పడం మాత్రం తప్పు.

నల్గొండ ఫ్లోరోసిస్‌కీ సాగర్‌కీ సంబంధం ఉందంటారు?

ఫ్లోరైడ్ అక్కడి రాళ్లలోనే ఉంది, డ్యామ్ కట్టకముందే ఆ జబ్బు ఉంది. అయితే తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో అక్కడి యువకుల్లో మోకాళ్లు లోపలికి వంగిపోయే రూపాన్ని గుర్తించి, రిజర్వాయర్ ఊటతో భూగర్భ జలం పైకి రావడం, నేలలోని సూక్ష్మ ధాతువుల తీరు మారడం దీనికి తోడై ఉండొచ్చని రాశారు. అదే సమయంలో ఫ్లోరైడ్ ఊళ్లకు కృష్ణా నీళ్లు తెచ్చాకే తాగడానికి మంచి నీళ్లు దొరికాయి, ఇదీ చెప్పాలి.

## ఏళ్లు గడిచాక

పూడిక నిండితే డ్యామ్ పనైపోయినట్టేనా?

ఒక్కసారిగా కాదు, కానీ ప్రతి ఏడూ తగ్గుతుంది. శ్రీశైలం నిల్వ మొదట 308 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు), ఇప్పుడు లెక్కలో సుమారు 215. సాగర్ 408 నుంచి 312కు వచ్చింది. అంటే రెండింట్లో కలిపి దాదాపు 190 టీఎంసీల చోటు మట్టి తినేసింది, పోలవరం మొత్తం నిల్వ 194 టీఎంసీలని గుర్తు చేసుకుంటే ఎంతో తెలుస్తుంది. ఎగువన అడవి నరికితే పూడిక పెరుగుతుంది, కాబట్టి నల్లమలను కాపాడటం శ్రీశైలం కరెంటును కాపాడటమే. పూడిక తీయడం ఇంత పెద్ద రిజర్వాయర్‌లో ఖర్చుకు అందేది కాదు, కొత్తవి కట్టేటప్పుడు అడుగు నుంచి ఒండ్రు వదిలే స్లూయిస్‌లు (తూములు) పెట్టించుకోవాలి.

పాత డ్యాములు భద్రమేనా?

చూసుకుంటే భద్రమే. 2021 నవంబర్‌లో కడప జిల్లా చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి పదుల మంది చనిపోయారు. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. శ్రీశైలంలో గేట్ల నుంచి దూకే నీళ్లు డ్యామ్ కింద పెద్ద గొయ్యి చేశాయి, దాని మరమ్మతు గురించి ఏళ్లుగా మాట్లాడుకుంటూనే ఉన్నారు. 2020 ఆగస్టు 20 రాత్రి ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు లేచి 9 మంది సిబ్బంది ప్రాణాలు పోయాయి. 2021 డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం ప్రతి పెద్ద డ్యామ్‌కూ అత్యవసర కార్యాచరణ ప్రణాళిక ఉండాలి. కొత్త డ్యామ్ శంకుస్థాపనకు దొరికే డబ్బు పాత గేట్ల గ్రీజుకు, గొలుసులకు దొరకకపోవడం నాకు అసలు మింగుడుపడదు.

శ్రీశైలం నిర్వాసితుల గొడవ నలభై ఏళ్లకు కూడా తీరలేదా?

తీరలేదు. ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం ఇస్తామని 1986లో జీవో 98 ఇచ్చారు. కొందరికి వచ్చాయి, మిగిలినవాళ్లు వయసు దాటిపోయి, ఇప్పుడు పిల్లల పేరు మీద అడుగుతున్నారు. కొల్లాపూర్, అలంపూర్, నందికొట్కూరు వైపు ఇప్పటికీ ధర్నాలు జరుగుతుంటాయి.

మా తాతల ఊరు మునిగిపోయింది. మా కాగితాలు ఇప్పుడు ఎక్కడ దొరుకుతాయి?

సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఊరి పేరు, పాత తాలూకా, తాత పేరు, తెలిస్తే సర్వే నంబరు రాసి, ఆ ఊరికి ఇచ్చిన భూసేకరణ అవార్డు కాపీ, నిర్వాసితుల జాబితా, పరిహారం చెల్లింపు రిజిస్టర్ నకలు కావాలని విడివిడిగా అడగండి, మొత్తం సమాచారం ఇవ్వండి అని రాస్తే అస్పష్టంగా ఉందని తిప్పి పంపేస్తారు. కలెక్టరేట్‌లో భూసేకరణ చూసే ప్రత్యేక డిప్యూటీ కలెక్టర్ విభాగానికి ఒకటి, ప్రాజెక్టు ఇంజనీరింగ్ ఆఫీసుకు ఒకటి వేయండి. జిల్లా స్థాయి ఆఫీసుకు ఫీజు 10 రూపాయలు, మండలానికి 5, గ్రామ స్థాయిలో ఏమీ లేదు, తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. జిల్లాలు విడిపోవడంతో పాత ఫైళ్లు కర్నూలు, మహబూబ్‌నగర్ ఆఫీసుల్లోనే ఉండిపోయి ఉండొచ్చు, కొత్త జిల్లా వాళ్లు మా దగ్గర లేవంటే ఐదు రోజుల్లో సరైన ఆఫీసుకు బదిలీ చేయాల్సిన బాధ్యత వాళ్లదేనని దరఖాస్తులోనే 6(3) సెక్షన్ పేరు రాసి పెట్టండి.